తల్లి ఎవరి లెక్కలో వున్నది?

నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం, ఇంకా తమ తప్పు లేకుండా దారిద్ర్యానికి లోనైన ఇతర సందర్భాలలో ప్రజలకు ప్రభుత్వ సహాయం పొందే హక్కును, తన ఆర్థిక శక్తికి లోబడి, రాజ్యం సమకూర్చవలెనని భారత రాజ్యాంగం 41వ అధికరణం ఆదేశిస్తున్నది. ఆ అధికరణంలో కుటుంబం అనే మాట లేదు. వృద్ధురాలి కొడుకు ఎక్కడ పని చేస్తున్నాడు, అతనికి ఎంత జీతం వస్తున్నది, అతను పన్ను చెల్లిస్తున్నాడా లేదా అనే ప్రశ్నలు అందులో లేవు. ఆ ప్రశ్నలన్నీ తరువాత కార్యాలయాలలో పుట్టినవి. ఈ ప్రశ్నలే నేడు లక్షలాది శ్రామిక కుటుంబాలలో వృద్ధులకు, వికలాంగులకు, వితంతువులకు అందవలసిన సహాయానికి అడ్డుగోడలుగా నిలిచివున్నవి.

కార్మికుని మీద ఆధారపడి జీవించే వ్యక్తిని కార్యాలయ భాషలో ఆశ్రితుడు అంటారు. ఇంగ్లీషు మాటనే తెలుగు చేసి డిపెండెంటు అని కూడా వాడుతున్నాం. ఈ మాటకు మన దేశంలో వొకే అర్థం లేదు. వేతనాలు నిర్ణయించే వారికి వొక అర్థం, పన్ను వసూలు చేసే వారికి మరొక అర్థం, పింఛను మంజూరు చేసే వారికి వేరొక అర్థం వున్నది. ఈ మూడు అర్థాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వొక విచిత్రమైన సత్యం బయటపడుతుంది. కార్మికునికి ఏదైనా ఇవ్వవలసి వచ్చినప్పుడు అతని తల్లి లెక్కలో వుండదు. తల్లికి ఏదైనా ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం కొడుకు లెక్కలోకి వస్తాడు.

వేతన సూత్రంలో తల్లి లేదు

కనీస వేతనం ఎంత వుండవలెనో నిర్ణయించే సూత్రం 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభలో ఆమోదించబడింది. సంపాదించే వ్యక్తి వొక్కరికి మూడు వినియోగ యూనిట్లు అని ఆ సూత్రం చెబుతున్నది. కార్మికునికి వొకటి, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు 0.6 చొప్పున 1.2, మొత్తం మూడు. తిండి, సంవత్సరానికి కుటుంబానికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం అని లెక్క వేశారు. ఆనాటికి ఆ సూత్రం కార్మికోద్యమం సాధించిన గొప్ప విజయమే. దానిని తక్కువ చేసి చూడనవసరం లేదు. కాని ఆ నలుగురి కుటుంబంలో కార్మికుని తల్లిదండ్రులకు గుప్పెడు గింజలు కూడా కేటాయించబడలేదు.

రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెబుతూ పిల్లల చదువు, వైద్యం, పండుగలతో సహా కనీస వినోదం, వార్ధక్యానికి ఏర్పాటు, వివాహాదుల నిమిత్తం మరొక 25 శాతం కలపవలెనని అన్నది. అక్కడ చెప్పబడిన వార్ధక్యం కార్మికుని రాబోయే వార్ధక్యం. ఇప్పటికే వృద్ధాప్యంలో వున్న తండ్రి పోషణ అందులోనూ విడిగా లేదు. కేంద్ర ప్రభుత్వం నియమించిన అనూప్ సత్పతి కమిటీ 2019లో యూనిట్లను మూడు నుండి 3.6కు పెంచవలెనని సిఫారసు చేసింది. ఆ సిఫారసు మూలన పడింది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వేతనాల కోడ్ కింద కేంద్రం వెలువరించిన ముసాయిదా నియమాలలోనూ భార్య లేక భర్త, ఇద్దరు పిల్లలు, మూడు యూనిట్లు అనే పాత లెక్కే వున్నది.

అనగా కార్మికుని జీతంలో అతని తల్లి భోజనం ఖర్చు లేదు. ఇది యాజమాన్యాలు బహిరంగంగా అంగీకరించిన లెక్క, ప్రభుత్వం ముద్ర వేసిన లెక్క. ఆ తల్లి తింటున్న అన్నం కోడలి కంచం నుండి, మనుమల గ్లాసులో పాల నుండి తగ్గించబడి వస్తున్నదే తప్ప వేతనం నుండి వస్తున్నది కాదు.

పన్ను చట్టంలో తల్లికి దక్కేది

ఇక పన్ను సంగతి. అమెరికా వంటి దేశాలలో పన్ను చెల్లించే వ్యక్తి తన ఆశ్రితులను పేరు పేరునా పత్రంలో చూపుతాడు. అక్కడ తల్లిని ఆశ్రితురాలిగా చూపాలంటే ఆమె పోషణలో సగానికి మించి తానే భరించినట్లు రుజువు వుండవలె. ఆమె ప్రభుత్వ సహాయాన్ని తన పోషణకు ఖర్చు చేసుకొన్నట్లయితే ఆ మొత్తం కొడుకు భరించినదిగా లెక్కకు రాదు. ప్రభుత్వ సహాయం పొందుతున్నది అన్నంత మాత్రాన ఆమె ఆశ్రితురాలు కాకుండా పోదు, కొడుకు ఆశ్రితురాలిగా చూపినంత మాత్రాన ఆమె సహాయమూ రద్దు కాదు. ఆ దేశపు సాంఘిక విధానాలలో లోపాలు అనేకం వున్నవి. అయినా ఎవరు ఎంత భరిస్తున్నారు అనే సరైన ప్రశ్న అక్కడ అడుగుతున్నారు.

మన ఆదాయపు పన్ను చట్టంలో వృద్ధులైన తల్లిదండ్రులను పోషిస్తున్నందుకు సాధారణ మినహాయింపు అంటూ ఏమీ లేదు. ఆరోగ్య బీమా ప్రీమియం కడితేనో, ఆశ్రితుడు వికలాంగుడైతేనో, నిర్దేశించిన కొన్ని వ్యాధులకు వైద్యం చేయిస్తేనో 1961 నాటి చట్టం కొంత మినహాయింపు ఇచ్చింది. వికలాంగుడైన ఆశ్రితుని నిమిత్తం 75,000 రూపాయలు, వైకల్యం తీవ్రమైనదైతే 1,25,000 రూపాయలు ఆదాయం నుండి తగ్గించుకొనవచ్చును. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకొన్న వారికి ఈ మినహాయింపులు వర్తించవు. 2023–24 నుండి ఆ కొత్త విధానమే మామూలు విధానం. పాతది కావలసిన వారు ప్రత్యేకంగా కోరుకొనవలె.

ఈ మినహాయింపు ఎవరికి ఎంత లాభమో చూద్దాం. పాత విధానంలో 30 శాతం శ్లాబులో వున్న పెద్ద ఉద్యోగికి 75,000 రూపాయల మినహాయింపు వల్ల సెస్సుతో కలిపి 23,400 రూపాయల పన్ను ఆదా అవుతుంది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే కాంట్రాక్టు కార్మికుడు పన్ను పరిధిలోనే లేడు గనుక అతని వికలాంగ సోదరుని పేర అతనికి దక్కేది సున్న. ఇద్దరి ఇళ్లలోనూ మంచం మీద వున్న మనిషి అవసరం వొక్కటే. పైగా పేదవాని ఇంట్లో ఆ మనిషిని చూసుకొనడానికి వొకరు పని మానుకొనవలసి వస్తుంది. ఆ పోయిన కూలిని ఏ చట్టమూ లెక్కించడం లేదు.

కనుక పన్ను రాయితీ రూపంలోనూ కార్మికుని ఆశ్రితులకు చేరుతున్నది శూన్యం. మిగిలింది పింఛను వొక్కటే.

పింఛను కార్యాలయంలో కొడుకు వున్నాడు

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న ప్రారంభమైంది. వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇస్తున్న వాటా 80 ఏండ్ల లోపు వారికి నెలకు 200 రూపాయలు, ఆ పైబడిన వారికి 500 రూపాయలు. ఆ 200 రూపాయలు దాదాపు రెండు దశాబ్దాలుగా పైసా పెరగలేదు. పార్లమెంటు సభ్యుల జీతాలను ధరల సూచికతో ముడిపెట్టి పెంచుకొనే ఏర్పాటు వున్నది. వృద్ధుల పింఛనుకు ఆ ఏర్పాటు లేదు. అసలు భారం రాష్ట్రాల మీద పడింది. ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో వృద్ధాప్య పింఛనును 4,000 రూపాయలకు, వికలాంగుల పింఛనును 6,000 రూపాయలకు పెంచింది. తెలంగాణలో వృద్ధులకు 2,016 రూపాయల చొప్పున, వికలాంగులకు 2023లో పెంచిన ప్రకారం 4,016 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఇవి స్వాగతించదగినవే.

అయితే ఈ సొమ్ము ఎవరికి అందవలె అనే విషయంలో పాలకులు రాసుకొన్న షరతులు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర రూపొందిన అర్హతా నియమాలలో కుటుంబ ఆదాయం గ్రామాలలో నెలకు 10,000 రూపాయలు, పట్టణాలలో 12,000 రూపాయలు మించరాదన్నారు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గాని, ప్రభుత్వ పింఛనుదారు గాని వుండరాదన్నారు. ఎవరూ ఆదాయపు పన్ను చెల్లించరాదన్నారు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటరాదన్నారు. నాలుగు చక్రాల బండి వుండరాదన్నారు. టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు ఇచ్చారు. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకు ప్రభుత్వోద్యోగం షరతు నుండి సడలింపు ఇచ్చారు. ఆ సడలింపు న్యాయమైనదే. ఉద్యోగం వున్నంత మాత్రాన ఇంట్లో దారిద్ర్యం పోదని ప్రభుత్వమే దాని ద్వారా వొప్పుకొన్నది. వొప్పుకొన్న సూత్రాన్ని ఇతర కార్మికులకు వర్తింపజేయడానికి మాత్రం వెనుకాడింది.

తెలంగాణలో పేదరికానికి పెట్టిన హద్దు గ్రామాలలో సంవత్సరానికి లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షలు. 2024 అక్టోబరు 1 నుండి కేంద్ర పరిధిలోని సంస్థలలో ఊడ్చే, శుభ్రపరచే, సరకు ఎత్తి దించే నైపుణ్యం లేని పనికి 'ఎ' తరగతి నగరాలలో రోజుకు 783 రూపాయలు కనీస వేతనంగా ప్రకటించారు. హైదరాబాదు 'ఎ' తరగతి నగరమే. నెలకు 26 రోజులు పని దొరికితే 20,358 రూపాయలు, ఏడాదికి 2,44,296 రూపాయలు. అనగా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని కాంట్రాక్టరు పూర్తిగా చెల్లిస్తే ఆ కార్మికుని కుటుంబం రాష్ట్ర ప్రభుత్వం దృష్టిలో పేదది కాదు. కాంట్రాక్టరు చట్టాన్ని ఉల్లంఘించి జీతం కోస్తేనే అతని తల్లికి పింఛను అర్హత నిలుస్తుంది. కార్మికునికి చట్టబద్ధమైన వేతనం శిక్షగా మారే ఇంతకంటే హాస్యాస్పదమైన ఏర్పాటు మరొకటి వుంటుందా?

ఇది వొక రాష్ట్రానికో వొక పథకానికో పరిమితమైన విషయం కాదు. కర్ణాటకలో 2023లో ప్రారంభమైన గృహలక్ష్మి పథకంలో ఇంటి యజమానురాలు గాని, ఆమె భర్త గాని ఆదాయపు పన్ను లేదా జి.ఎస్.టి. చెల్లిస్తే సహాయం లేదు. తమిళనాడులో అదే సంవత్సరం మొదలైన మహిళల హక్కు భృతి పథకంలో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్లు హద్దులు. అసంఘటిత కార్మికుల కొరకని చెప్పబడిన అటల్ పింఛను యోజనలో 2022 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను చెల్లింపుదారులను చేర్చుకొనడం ఆపివేశారు. చివరి రెండు ఉదాహరణలలో మొదటిదానికి కుటుంబమే కొలత, రెండవదానికి వ్యక్తి కొలత. ఏ కొలత ఎక్కడ వాడవలె అనేదానికి ఏ సూత్రమూ లేదు. ఎక్కడ ఏ కొలత వాడితే మొత్తం తగ్గుతుందో అదే సూత్రం.

అంగన్‌వాడీ కార్యకర్తల ఉదంతం దీనికి గొప్ప నిదర్శనం. వారు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకొనే సేవికలు అని చెప్పి వేతనం, గ్రాట్యుటీ, పింఛను నిరాకరిస్తూ వచ్చారు. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వారు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేసినప్పుడు కార్యకర్త గౌరవ వేతనం 11,500 రూపాయలు. సంక్షేమ పథకాలను తమ కుటుంబాలకు వర్తింపజేయాలన్నది వారి కోర్కెలలో వొకటి. 11,500 రూపాయలు గ్రామీణ హద్దు అయిన 10,000 కంటే 1,500 ఎక్కువ. జీతం అడిగితే ఉద్యోగిని కాదు, పథకం అడిగితే పేదరాలు కాదు! అట్లే ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి. కార్మికులు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులైనారు. అది వారి చిరకాల వాంఛ. ఆ రోజుతోనే వారి ఇళ్లు ప్రభుత్వ ఉద్యోగి వున్న కుటుంబాల జాబితాలోకి చేరినవి. కొడుకు హోదా మారినంత మాత్రాన తల్లి చేతిలోకి వొక్క రూపాయి కూడా కొత్తగా రాదు.

కనిపించేవాడు, కనిపించనివాడు

పన్ను చెల్లింపును సంపన్నతకు గుర్తుగా తీసుకొనడంలో మరొక అన్యాయం వున్నది. జీతగాని ఆదాయం దాగదు. యాజమాన్యం పన్ను ముందే కోసి జమ చేస్తుంది, అతని పాన్ ఆధార్‌తో ముడిపడి వున్నది, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లెక్కలలో అతని జీతం ప్రతి నెలా నమోదవుతుంది. నగదు మీద వ్యాపారం చేసే వడ్డీ వ్యాపారికి, పేరు మార్చి భూములు కొనే వానికి ఈ బాధ లేదు. కంప్యూటరు జల్లెడ పట్టినప్పుడు పైకి తేలేది కార్మికుడే.

పైగా రిటర్ను దాఖలు చేయడం వేరు, పన్ను చెల్లించడం వేరు. ఇంటి అప్పు కోసమో, స్కూటరు అప్పు కోసమో బ్యాంకు అడిగితే కార్మికులు రిటర్ను దాఖలు చేస్తారు. ఎక్కువ కోసిన పన్నును తిరిగి రాబట్టుకొనడానికి కూడా రిటర్ను వేయవలసిందే. 2023–24 అసెస్‌మెంటు సంవత్సరానికి 2023 డిసెంబరు ఆఖరు వరకు దాఖలైన దాదాపు 7.40 కోట్ల రిటర్నులలో 5.16 కోట్ల రిటర్నులలో పన్ను శూన్యమని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. అనగా ప్రతి పది మందిలో దాదాపు ఏడుగురు పన్ను చెల్లించనివారు. ఈ భేదం తెలియని జాబితాలతో అర్హతను తేల్చితే అప్పు కోసం కాగితం నింపిన కొడుకు తన తల్లి పింఛనుకు తానే ఎసరు పెట్టినవాడౌతాడు.

2025–26 నుండి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు, జీతగాళ్లకు 12.75 లక్షల వరకు ఆదాయం మీద పన్ను లేకుండా చేశారు. మధ్యతరగతికి ఇది గొప్ప వరమని కేంద్ర ప్రభుత్వం చాటుకొన్నది. మంచిదే. నెలకు లక్ష రూపాయలు సంపాదించేవాడు పన్ను భరించలేడని కేంద్ర ప్రభుత్వం భావిస్తున్నప్పుడు, నెలకు 12,000 రూపాయలు దాటిన ఇంట్లో ముసలితల్లికి సహాయం అక్కరలేదని ఏ తర్కంతో చెప్పగలరు? ఏడాదికి 1,44,000 రూపాయలు వొక గట్టు, 12 లక్షలు మరొక గట్టు. సంఘటిత, కాంట్రాక్టు, స్కీము కార్మికులలో అత్యధికులు ఈ రెండు గట్ల నడుమనే వున్నారు. పన్ను రాయితీ అవసరం లేనంత పేదలు, ప్రభుత్వ సహాయానికి అర్హత లేనంత ధనికులు!

కాగితం మీద చీలుతున్న కుటుంబాలు

ఈ షరతుల ఫలితం ఏమిటో ప్రతి వాడలోనూ కనిపిస్తున్నది. తల్లి పేరును కొడుకు రేషను కార్డు నుండి తొలగించి వేరే కార్డు చేయిస్తారు. వొకే పొయ్యి మీద వండుకొని తినే ఇల్లు కాగితం మీద రెండు ఇళ్లవుతుంది. విచారణకు వచ్చిన ఉద్యోగికి వసారాలో వేరే చాప, వేరే కుండ చూపవలసి వస్తుంది. డెబ్బై ఏండ్ల మనిషి "నా కొడుకు నన్ను చూడడం లేదు" అని చెప్పవలసి వస్తుంది. చూస్తున్న కొడుకు పక్కన నిలబడి ఆ మాట వినవలసి వస్తుంది. వీరిని అబద్ధాలకోరులని నిందించడం తేలిక. నిజం చెప్పినవానికి నష్టం, అబద్ధం చెప్పినవానికి లాభం కలిగేటట్లు నియమాలు రాసిన వారిదే ఆ నేరం. అట్టి అబద్ధాలను మనం సమర్థించడం లేదు. అబద్ధం అవసరం లేని నియమం కావాలంటున్నాం.

ఈ వేదన ప్రపంచ కార్మికవర్గానికి కొత్త కాదు. బ్రిటన్‌లో 1931లో తీవ్ర నిరుద్యోగ కాలంలో ప్రభుత్వం కుటుంబ ఆదాయ పరీక్షను ప్రవేశపెట్టింది. అక్కడ దానిని మీన్స్ టెస్టు అన్నారు. పని పోయిన తండ్రి భృతిలో నుండి, అదే ఇంట్లో వుంటున్న కొడుకులు, కూతుళ్ల కూలిని లెక్కకట్టి తగ్గించారు. ప్రభుత్వ సహాయ కమిటీల మనుషులు ఇంటింటికీ వెళ్లి సామానులు పరికించారు. తండ్రి భృతి పోకుండా వుండడానికి యువకులు ఇల్లు విడిచి అద్దె గదులకు పోయారు. మరికొందరు అట్లు పోయినట్లు చిరునామాలు ఇచ్చారు. ఆకలి యాత్రలలో వేలాది కార్మికులు ఈ పరీక్షకు వ్యతిరేకంగా నడిచారు. చివరకు యుద్ధకాలంలో, రవాణా కార్మిక సంఘ నాయకుడు ఎర్నెస్టు బెవిన్ కార్మిక మంత్రిగా వున్న ప్రభుత్వం 1941లో చట్టం చేసి ఆ కుటుంబ పరీక్షను తొలగించింది. 1948 నాటి జాతీయ సహాయ చట్టం పెద్దయిన పిల్లల మీద తల్లిదండ్రుల పోషణ బాధ్యతను చట్టరీత్యా రద్దు చేసింది. ఆ తరువాత అక్కడి బిడ్డలు తల్లిదండ్రులను ప్రేమించడం మానలేదు.

అమెరికాలో 1974 నుండి అమలులో వున్న వృద్ధుల, వికలాంగుల సహాయ పథకంలో పెద్దయిన కొడుకు ఆదాయాన్ని తల్లి ఆదాయంగా లెక్కించరు. జర్మనీలో 2020 నుండి ఏడాదికి లక్ష యూరోల పైబడి సంపాదించే పిల్లలను మాత్రమే తల్లిదండ్రుల సహాయ ఖర్చు అడుగుతున్నారు. మనవలెనే పెద్దల పోషణను పరమధర్మంగా భావించే దక్షిణ కొరియాలో సైతం, జీవనభృతి పొందడానికి అడ్డుగా వున్న కుటుంబ బాధ్యత షరతును 2021 అక్టోబరులో చాలా వరకు తొలగించారు; అధిక సంపన్నులకు మాత్రమే దానిని వుంచారు.

కొన్ని అభ్యంతరాలు

తల్లిదండ్రులను పోషించడం బిడ్డల ధర్మం కదా, 2007లో పార్లమెంటు చట్టం కూడా చేసింది కదా అని కొందరు అడుగుతారు. ధర్మమే. ఆ చట్టం కింద ట్రిబ్యునలు విధించగల పోషణ భృతికి చట్టంలో పెట్టిన హద్దు నెలకు 10,000 రూపాయలు. అయితే ఆ చట్టం నిర్లక్ష్యం చేసిన బిడ్డను నిలదీయడానికి పుట్టింది. ప్రభుత్వ బాధ్యతను తప్పించడానికి కాదు. కార్మికుడు ధర్మం తప్పలేదు. అతని వేతనంలో ఆ ధర్మానికి సొమ్ము కేటాయించడం తప్పింది. తన పేర వచ్చే నాలుగు వేలు చేతిలో వున్న తల్లి కుటుంబానికి బరువు కాదు. మందు బిళ్లకు కోడలిని, మనుమడికి మిఠాయికి కొడుకును అడగవలసిన పని లేదు. ఆ స్వల్ప స్వాతంత్ర్యమే వృద్ధాప్యంలో గౌరవం.

ధనికుల తల్లులు కూడా పింఛను తీసుకొంటే ఖజానా ఏమౌతుందని మరొక అభ్యంతరం. ఇది తోసిపుచ్చదగింది కాదు. అనర్హులు, దొంగ వైకల్య పత్రాలు తెచ్చుకొన్నవారు నిజంగానే వున్నారు. అట్టివారిని ఏరివేయవలసిందే. కాని ఆ పనికి సాధనం పన్ను విధానం. తల్లి పింఛను రద్దు కాదు. కోటీశ్వరుడైన కొడుకు నుండి వసూలు చేయదలచితే అతని ఆదాయం మీద, ఆస్తి మీద పన్ను వేయవచ్చును. 2015లో సంపద పన్నును రద్దు చేసినవారికి వృద్ధురాలి నాలుగు వేల మీద ఇంత శ్రద్ధ కలగడం ఆశ్చర్యకరం.

వొకే వ్యక్తి పేర కొడుకు పన్ను రాయితీ, తల్లి పింఛను రెండూ పొందడం రెట్టింపు లాభం కాదా అనేది మూడవ అభ్యంతరం. రాయితీ సంరక్షణ ఖర్చు కొరకు, పింఛను జీవించడం కొరకు. అంతకు మించి, రెండు ప్రయోజనాలు కలియకుండా చూడవలసి వస్తే దానికి మార్గం చట్టంలోనే వున్నది. వికలాంగుడు తన ఆదాయం మీద తానే మినహాయింపు తీసుకొంటే అతని పోషకునికి ఆ మినహాయింపు ఇవ్వరు. అట్టి సూక్ష్మమైన ఏర్పాటు సాధ్యమైనప్పుడు కుటుంబమంతటినీ గంపగుత్తగా వెలివేయడం దేనికి?

మన కర్తవ్యం

విశ్రాంత కార్మికుల స్థితి ఈ ప్రశ్నను మరింత తీవ్రం చేస్తున్నది. ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను 2014 సెప్టెంబరు నుండి నెలకు 1,000 రూపాయలుగానే ప్రారంభమై నిలిచిపోయింది. ముప్పై ఏండ్లు మిల్లులో పనిచేసి ఆ వెయ్యితో ఇంటికి వచ్చిన మనిషి తిరిగి కొడుకు మీద ఆధారపడుతున్నాడు. ఆ కొడుకు నేడు కాంట్రాక్టు కార్మికుడు. నేటి మన సభ్యులే రేపు ఆ ఆశ్రితులు. కనుక ఇది పింఛనుదారుల సమస్య, మన సమస్య కాదు అని ఏ సంఘమూ భావించరాదు.

కార్మికుడు పని ప్రమాదంలో మరణిస్తే వితంతువైన అతని తల్లిని 1923 నాటి పరిహార చట్టం ఆశ్రితురాలిగా గుర్తించింది. రుజువులు కూడా అడగలేదు. మరణించిన కొడుకుకు తల్లి వున్నదని ఒప్పుకొన్న చట్టం బ్రతికివున్న కొడుకుకు కూడా తల్లి వున్నదని ఒప్పుకొనవలె. అందుచేత ఈ క్రింది కోర్కెలను ప్రతి సంఘం తన కోర్కెల పత్రంలో చేర్చవలసి వున్నది.

వృద్ధాప్య, వితంతు, వికలాంగ పింఛనులకు దరఖాస్తుదారు, అతని భార్య లేక ఆమె భర్త ఆదాయాన్ని మాత్రమే లెక్కించవలె. పెద్దయిన పిల్లల జీతం, ఉద్యోగం, కరెంటు బిల్లు అడ్డు కారాదు. చట్టబద్ధమైన కనీస వేతనం కంటే తక్కువగా ఏ పథకంలోనూ ఆదాయపు హద్దు వుండరాదు. రిటర్ను దాఖలును పన్ను చెల్లింపుగా పరిగణించరాదు. రాతపూర్వకమైన నోటీసు, కారణం, విచారణ లేకుండా ఏ పింఛనునూ ఆపరాదు. అప్పీలు తేలే వరకు చెల్లింపు సాగవలె. కేంద్రం వాటా అయిన 200 రూపాయలను గణనీయంగా పెంచి ధరల సూచికతో ముడిపెట్టవలె. కనీస వేతన సూత్రంలో తల్లిదండ్రులకు యూనిట్లు కేటాయించవలె. వికలాంగ ఆశ్రితుల పన్ను మినహాయింపును కొత్త విధానంలోనూ ఇవ్వవలె. పన్ను పరిధికి రాని కార్మికునికి దానికి బదులుగా సంరక్షణ భృతి చెల్లించవలె.

ఈలోగా ప్రతి శాఖా సంఘం వొక పని చేయగలదు. తమ సభ్యుల ఇళ్లలో పింఛను నిరాకరించబడిన లేదా ఆగిపోయిన వృద్ధుల, వికలాంగుల జాబితాను తయారుచేసి, నిరాకరణకు చూపిన కారణాన్ని రాసి వుంచవలె. కారణం రాతలో ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకొనవలె. వేతనాల చర్చకు యాజమాన్యం ముందు కూర్చున్నప్పుడు ఆ జాబితా మన చేతిలో వుండవలె. తల్లి భోజనం తన లెక్కలో లేదని యాజమాన్యం అంటే, అది తన లెక్కలోనూ లేదని ప్రభుత్వం అంటే, ఆ అన్నం ఎవరి లెక్కలోనిదో ఇద్దరినీ వొకే బల్ల ముందు కూర్చోబెట్టి తేల్చవలసిన బాధ్యత సంఘటిత కార్మికవర్గానిదే.